సొన

తోతాపురి లారీలు గేటు బయట బారులు తీరిన ఆషాఢంలో
నా మోచేతుల మీద ఎర్రగా ఏదో లేచింది.
టెంకలు తీసే బల్ల దగ్గర నాగభూషణక్క
చెయ్యి తిప్పి చూసి
"సొన తగిలిందిమే, కొబ్బరినూనె పూసుకో" అనింది.
ఊఁ అన్నాను.
ఇంత సులువైన అబద్ధం
ఎవరో కోసి చేతిలో పెడితే
వద్దనేదెవరు?

సొన నాకు తెలుసు.
పదకొండు సీజన్లుగా తెలుసు.
తగిలినచోట నల్లగా కాలుస్తుంది,
నాలుగు దినాలకి పొక్కు రాలి తన దారిన తాను పోతుంది.
ఇది అట్లా కాదు.
చీర మీద తొడిగిన ఫ్యాక్టరీ చొక్కా లోపల,
ఏ మామిడికాయా చేరని చోట,
దోమ కుట్టినట్టు మొదలై
తెల్లారేసరికి
మొన్న విడగొట్టిన జిల్లాలన్నీ
నా వీపు మీద మళ్ళీ ఒకటయ్యాయి.

ఇది లోపల్నించి వచ్చింది.
బియ్యం డబ్బాలో దాచి
రాత్రిపూట మింగే ఒక్క తెల్ల మాత్రలోంచి.

అత్త కంబళి తెచ్చి రుద్దింది.
అమ్మోరేమోనని గడపకి వేపమండ గుచ్చింది.
వంకాయ మానిపించింది, ఎండుచేప మానిపించింది.
మానాల్సిన దాని పేరు
నేను చెప్పలేదు.

ఎట్లా చెప్పేది?
ఆ మాత్రకు ముందు
పొయ్యి మీద పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడ్డదాన్ని.
పొంగుతున్నాయని తెలుసు, చెయ్యి నాదేనని తెలుసు.
ఆ రెండింటికీ మధ్య దారి తెగిపోయింది.
మాత్ర మొదలెట్టిన మూడో వారం
చారులోంచి ధనియాల వాసన వచ్చింది.
అంతే. ఒక వాసన.
స్నానాలగదిలో కొళాయి తిప్పి ఏడ్చాను,
సంతోషంతోనే అనుకుంటా, సరిగ్గా గుర్తులేదు.

సరిగ్గా అప్పుడు
చర్మం అడ్డం తిరిగింది.

చిత్తూరు ఆస్పత్రిలో ఎవరో ఒకరు తెలిసినోళ్ళు ఉంటారని
తిరుపతి బస్సెక్కాను.
"కొండకామ్మా?" అన్నాడు పూతలపట్టులో ఎక్కిన పెద్దాయన.
"కొండకే" అన్నాను, చెంగు మణికట్టు దాకా లాక్కుంటూ.
చంద్రగిరి దాటినాక ఆయన కిటికీలోంచి దండం పెట్టాడు.
నేనూ పెట్టాను.
ఎత్తిన చేతుల మీంచి చెంగు జారింది.
ఆయన చూశాడు.
కొంచెం జరిగి కూర్చున్నాడు.

డాక్టరమ్మ చిన్నపిల్ల.
నోరు తెరవమనింది, రెప్పలెత్తి చూసింది,
జ్వరముందా, ఊపిరి సరిగ్గా ఆడుతోందా అనింది.
"మాత్రతోనే. ఇక అది వద్దు.
నోట్లో పుండ్లు లేచినా, మొహం వాచినా
అర్ధరాత్రని చూడకుండా వచ్చెయ్యండి."

నేను అడిగిందొక్కటే:
"మరి ధనియాల వాసన?"

ఆమెకి అర్థం కాలేదు.
చెప్పాను.
మొట్టమొదటిసారి ఒక మనిషికి మొత్తం చెప్పాను,
పొంగిపోయిన పాలతో సహా.
బయట టోకెన్లు పిలుస్తున్నారు.
ఆమె పెన్ను పక్కనపెట్టి వినింది.
వేరే మాత్ర ఉంది, దద్దులు తగ్గినాక మొదలుపెడదాం,
మళ్ళీ మూడు వారాలు పట్టచ్చు అనింది.
ఒక్కోసారి ఎక్కువే అని కూడా అనింది, దాచకుండా.

ఇంటికొస్తే పక్కింటి కన్నియమ్మ చెయ్యి చాపింది:
"లడ్డు ఏదిమే మొగిలీశ్వరీ?"
బస్టాండులో కొన్న బొరుగుల పొట్లం పెట్టాను.
కళ్ళకద్దుకుని తినింది.
పాపం ఎవరిదో
నేను లెక్కెయ్యలేదు.

దద్దులు పోయాయి.
వీపు మీద పొట్టు లేచి దుప్పట్లో రాలుతోంది.
పాత అట్టలో నాలుగు మాత్రలు మిగిలాయి.
మింగను. పారేయడానికీ చెయ్యి రాలేదు ఇంకా.
ఒళ్ళంతా తగలబెట్టిందే గానీ
నాకొక వాసన తెచ్చిచ్చింది కదా.

కొత్త మాత్రకి ఇవాళ పదో రోజు.
చారు పొంగేముందు మూత తీసి వంగుతాను.
ఆవిరి.
వేడినీళ్ళ వాసన.
అత్త వెనకనించి నవ్వుతుంది:
"ఉప్పు చూడాలంటే నాలిక పెడతారు గానీ
ముక్కు పెడతారటే ఎవరన్నా?"